అగ్రస్థానము ఎంతకాలము నిలుచును? – ఒక గణకయంత్ర సంస్థ చరిత్ర

ఒక యంత్రమును కనుగొనుట ఒక యెత్తు. దానిని లోకమంతట వ్యాపింపజేసి, ఆ వ్యాపారమున తరతరములుగా అగ్రస్థానమును నిలుపుకొనుట మరియొక యెత్తు. నేడు సాంకేతిక రంగమున కొన్ని కంపెనీలు ఎంతగా పెరిగినవనగా, వానికి ఎదురు నిలువగల పోటీదారులే అరుదుగా కానవచ్చుచున్నారు. ఇట్టి సంస్థలు ఎల్లకాలము ఇట్లే గెలుచుచుండునా? లేక, ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెత వీనికిని వర్తించునా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. గణకయంత్రముల, అనగా కంప్యూటర్ల, చరిత్రలో ఇది పలుమార్లు వినవచ్చినది. ఆ చరిత్రలో మిక్కిలి దీర్ఘకాలము అగ్రస్థానమున నిలిచిన సంస్థ అమెరికాకు చెందిన ఐ.బి.ఎం. అది ఎట్లు పెరిగినది, ఎవరిని ఓడించినది, తుదకు ఎక్కడ తడబడినది అను విషయములను వరుసగా పరిశీలించినచో, మన ప్రశ్నకు కొంత సమాధానము లభింపగలదు.

రంధ్రముల కార్డు

అమెరికాలో పదేండ్లకొకసారి జనాభా లెక్కలు తీయుట ఆ దేశ రాజ్యాంగము విధించిన పని. 1880లో సేకరించిన వివరములను చేతితో లెక్కించి పట్టికలుగా వేయుటకు ఏడెనిమిది ఏండ్లు పట్టెను. జనాభా ఇంకను పెరుగుచుండెను. ఒక లెక్క తేలకముందే రెండవ లెక్క మొదలుపెట్టవలసి వచ్చునేమో అని అధికారులు భయపడిరి.

ఈ చిక్కును తీర్చినవాడు హెర్మన్ హోలరిత్ అను ఇంజనీరు. ఆయన మనిషికొక కార్డు చొప్పున ఏర్పరచి, స్త్రీయా పురుషుడా, వయస్సెంత, వృత్తి ఏమి అను వివరములను ఆ కార్డుపై నిర్ణీత స్థానములలో రంధ్రములుగా పొడిపించెను. కార్డును యంత్రములో నుంచి పిడిని క్రిందికి లాగగానే సన్నని లోహపు సూదులు దానిపైకి దిగును. రంధ్రమున్నచోట సూది కార్డును దాటి అడుగున నున్న పాదరసపు గిన్నెను తాకును. దానితో విద్యుద్వలయము పూర్తియై, గడియారము వంటి పలకపై ముల్లు ఒక అంకె ముందుకు జరుగును. రంధ్రము లేనిచోట సూది ఆగిపోవును, వలయము పూర్తికాదు, ముల్లు కదలదు. ఇంత సులభమైన సూత్రముతో 1890 నాటి జనాభా లెక్కలు మునుపటికంటె చాల త్వరగా తేలినవి.

హోలరిత్ 1896లో ఒక కంపెనీని స్థాపించెను. 1911లో అది త్రాసులను, హాజరు గడియారములను తయారుచేయు మరికొన్ని కంపెనీలతో కలిసిపోయినది. 1914లో థామస్ వాట్సన్ అను అమ్మకపు నిపుణుడు దాని నిర్వహణకు వచ్చెను. 1924లో ఆ సంస్థకు ఐ.బి.ఎం. అను పేరు స్థిరపడినది.

గెలుపునకు మూలమేమి?

ఐ.బి.ఎం. తన యంత్రములను అమ్మెడిది కాదు. అద్దెకు మాత్రమే ఇచ్చెడిది. కార్డులను కూడ తనయొద్దనే కొనవలెనని షరతు పెట్టెడిది. యంత్రము ఒకసారి వచ్చును. కార్డులు లక్షల కొలది కావలసియుండును. నెలనెలా వచ్చు అద్దె, నిత్యము వచ్చు కార్డుల సొమ్ము, ఈ రెండును కలిసి సంస్థకు స్థిరమైన ఆదాయమయ్యెను. 1929 తరువాత వచ్చిన ఆర్థికమాంద్యములో కూడ వాట్సన్ కర్మాగారములను మూయలేదు. 1935లో అమెరికా ప్రభుత్వము సాంఘిక భద్రతా చట్టము చేసి, కోట్లాది ఉద్యోగుల జీతముల లెక్కలు ఉంచవలసి వచ్చినపుడు, సిద్ధముగా యంత్రములున్న సంస్థ ఇదియే.

ఇంతకంటె లోతైన కారణము మరొకటి కలదు. 1928లో ఐ.బి.ఎం. 80 నిలువు వరుసలతో, దీర్ఘచతురస్రాకారపు రంధ్రములు గల కార్డును ప్రవేశపెట్టెను. దాని పోటీదారైన రెమింగ్టన్ ర్యాండు కంపెనీ కార్డులపై రంధ్రములు గుండ్రముగా నుండెడివి. ఒకరి కార్డును మరొకరి యంత్రము చదువజాలదు. ఒక బ్యాంకు తన ఖాతాలన్నిటిని ఒక రకపు కార్డులపై ఎక్కించిన పిమ్మట, మరొక కంపెనీ యంత్రము మెరుగైనదైనను దానికి మారుట తేలిక కాదు. ఇది రైలుమార్గముల వెడల్పు వంటిది. ఒక వెడల్పున వేలాది మైళ్ళు పట్టాలు పరచిన తరువాత, వేరు వెడల్పుకు సరిపోవు ఇంజను ఎంత మంచిదైనను ఆ పట్టాలపై నడువదు. సాంకేతిక వ్యాపారమున గెలిచినవాడే మరల గెలుచుటకు ఇది ముఖ్యకారణము. కొనుగోలుదారుడు కొనునది యంత్రమొక్కటియే కాదు. ఆ యంత్రమునకు అలవాటుపడిన తన పనివారిని, తన లెక్కలను, తన పద్ధతులను కూడ దానికి ముడివేయుచున్నాడు.

ప్రభుత్వము దీనిని గమనింపకపోలేదు. కార్డులను తమయొద్దనే కొనవలెనను షరతు చట్టవిరుద్ధమని 1936లో అమెరికా సుప్రీంకోర్టు నిర్ణయించెను. 1956లో జరిగిన మరొక ఒప్పందము ప్రకారము యంత్రములను అద్దెకిచ్చుటయే కాక, కోరినవారికి అమ్ముటకు కూడ ఐ.బి.ఎం. అంగీకరింపవలసి వచ్చెను. అయినను అగ్రస్థానము చెదరలేదు.

మొదటి పరీక్ష

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఎలక్ట్రానిక్ గణకయంత్రములు వచ్చెను. వ్యాపారమున మొదట పేరు తెచ్చుకొన్న యంత్రము ఐ.బి.ఎం.ది కాదు. ఎకర్ట్, మాక్లీ అను ఇరువురు నిపుణులు రూపొందించిన యూనివాక్ యంత్రమును రెమింగ్టన్ ర్యాండు కంపెనీ విక్రయించెను. 1951లో దానిని మొదట పుచ్చుకొన్నది అమెరికా జనాభా లెక్కల కార్యాలయము, అనగా హోలరిత్ యంత్రము పుట్టినిల్లే! 1952 నవంబరులో అధ్యక్షపదవికి ఐసన్‌హోవర్ భారీగా గెలుచునని, కొద్ది ఓట్లు లెక్కింపబడగానే యూనివాక్ సూచించెను. ఆ పిమ్మట కొంతకాలము అమెరికాలో కంప్యూటరుకు యూనివాక్ అనునది మారుపేరయ్యెను.

ఐ.బి.ఎం. వెనుకబడినది. కాని త్వరలోనే కోలుకొన్నది. 1953లో ప్రకటించిన 650 అను చిన్న యంత్రము ఇంచుమించు రెండువేలు తయారైనది. ఆ కాలమున అది చాల పెద్ద సంఖ్య. దాని విజయమునకు కారణము అసాధారణమైన వేగము కాదు. అది పాత కార్డులనే చదివెడిది. కార్డుల యంత్రములను వాడుచున్న ఖాతాదారులు తమ పెట్టెలలోని కార్డులను పారవేయనక్కరలేక, ఒక మెట్టు పైకెక్కిరి. విశ్వవిద్యాలయములకు ఆ యంత్రమును పెద్ద తగ్గింపుపై ఇచ్చుటవలన, నేర్చుకొను విద్యార్థులు కూడ ఆ యంత్రముపైననే నేర్చుకొనిరి.

తన చేతితో తన యంత్రములను త్రోసివేయుట

1960 ప్రాంతమునకు ఐ.బి.ఎం.కు ఒక వింత చిక్కు వచ్చెను. అది తయారుచేయు యంత్రములే అనేక రకములయ్యెను. ఒకదానికై వ్రాసిన ప్రోగ్రాము మరొకదానిపై నడువకుండెను. చిన్న యంత్రము చాలక పెద్దదానికి మారదలచిన ఖాతాదారుడు ప్రోగ్రాములన్నియు తిరిగి వ్రాయింపవలెను. అట్లు ఎలాగును తిరిగి వ్రాయింపవలసినపుడు, మరొక కంపెనీ యంత్రమును ఏల కొనరాదు?

దీనికి సమాధానముగా, 1964 ఏప్రిల్ 7న సిస్టమ్ 360 అను యంత్రకుటుంబము ప్రకటింపబడెను. చిన్న యంత్రము మొదలు పెద్ద యంత్రము వరకు అన్నియు ఒకే ఆదేశభాషను గ్రహించును. ఒకదానిపై నడచు ప్రోగ్రాము, తగినంత జ్ఞాపకస్థానమున్నచో, మరొకదానిపైనను నడచును. వృత్తములోని 360 డిగ్రీలవలె అన్ని అవసరములను చుట్టివచ్చునని ఆ పేరు. ఇందుకైన వ్యయము సుమారు 500 కోట్ల డాలర్లు. అప్పటికి బాగుగా అమ్ముడుపోవుచున్న తన యంత్రములనే ఈ క్రొత్త కుటుంబము మూలకు నెట్టును. అయినను ఆ సంస్థ వెనుదీయలేదు. ప్రోగ్రాముల తయారీ ఆలస్యమై, ఇబ్బందులు పడినను, తుదకు విజయము లభించెను.

ఈ యంత్రములతో ముఖాముఖి పోరాడినవారు నిలువలేకపోయిరి. ఆనాటి అమెరికా పత్రికలు ఐ.బి.ఎం.ను స్నోవైట్ అని, మిగిలిన ఏడు కంపెనీలను ఏడుగురు మరుగుజ్జులని హాస్యముగా పిలిచెడివి. ఆ ఏడింటిలో జనరల్ ఎలక్ట్రిక్, ఆర్.సి.ఏ. వంటివి మిక్కిలి ధనవంతమైన కంపెనీలే. అయినను మొదటిది 1970లో, రెండవది 1971లో ఈ వ్యాపారమునుండి తప్పుకొనినవి. కేవలము ధనబలముతో, ఉన్న విపణిలోనే, నిలద్రొక్కుకొన్నవానిని ఎదిరించుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

మన దేశమున

ఐ.బి.ఎం. అధిపత్యము భారతదేశమున కూడ కనిపించెను. 1960 తరువాతి దశాబ్దమున మన దేశమునకు వచ్చిన కంప్యూటర్లలో ఆ సంస్థ యంత్రములే ఎక్కువ. పాశ్చాత్య దేశములలో వాడి తిరిగి పుచ్చుకొన్న యంత్రములను మరమ్మతు చేసి ఇచ్చట అద్దెకిచ్చుచున్నదని విమర్శలు వచ్చెను. 1973 నాటి విదేశమారకద్రవ్య చట్టము ప్రకారము విదేశీ కంపెనీలు తమ భారతీయ శాఖలలో వాటా తగ్గించుకొనవలసి వచ్చెను. ఐ.బి.ఎం. అందుకు సమ్మతింపక 1978లో ఈ దేశమును వీడెను. అది విడిచిపోయిన యంత్రముల పోషణభారమును ప్రభుత్వరంగ సంస్థయగు సి.ఎం.సి. వహించెను.

ఇంతకుముందే, 1967లో, హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడి, అణుశక్తి శాఖ పరిశోధనల ఆధారముగా టి.డి.సి. 12 మొదలగు కంప్యూటర్లను తయారుచేయసాగెను. ఆ యంత్రములు ప్రపంచ విపణిని జయింపలేదు. కాని వానిని నిర్మించి, బాగుచేసి, నడిపిన ఇంజనీర్ల తరము ఒకటి మన నగరమున తయారైనది. విదేశీ సంస్థ అధిపత్యము ఇచ్చట తొలగినది మెరుగైన యంత్రమువలన కాదు, చట్టమువలన. ఈ భేదమును విద్యార్థులు గుర్తింపవలెను. ఐ.బి.ఎం. 1992లో టాటాలతో కలిసి తిరిగి మన దేశమునకు వచ్చెను.

ప్రక్కదారిన వచ్చిన పోటీ

ముఖాముఖి పోరులో గెలిచిన సంస్థకు అసలు ముప్పు ప్రక్కదారిన వచ్చెను. 1965లో డిజిటల్ అను చిన్న కంపెనీ పి.డి.పి. 8 అను యంత్రమును 18,000 డాలర్లకు అమ్మెను. ఇది పెద్ద బ్యాంకులకు పనికిరాదు. కావున పెద్ద కంపెనీ దానిని లక్ష్యపెట్టనక్కరలేదు. కాని పెద్ద యంత్రమును కొనలేని ప్రయోగశాలకు ఇది వరమయ్యెను.

అదే సంవత్సరమున గార్డన్ మూర్ అను శాస్త్రజ్ఞుడు ఒక విషయము గమనించెను. ఒక సిలికాను ముక్కపై పొందుపరుపగల ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏటేట ఇంచుమించు రెట్టింపగుచున్నది. 1975లో ఆయన దీనిని సవరించి, రెండేండ్లకొకసారి రెట్టింపగునని చెప్పెను. రెట్టింపుల మహిమను గణితము తెలిసిన విద్యార్థి సులభముగా గ్రహింపగలడు. పది రెట్టింపులకు ఒకటి వేయి దాటును. కావున నేడు ఆటవస్తువుగా కనిపించు చిన్న యంత్రము ఇరువది యేండ్లలో నేటి పెద్ద యంత్రపు పనిని చేయును. 1971లో ఇంటెల్ కంపెనీ గణకపు మెదడునంతను ఒకే ముక్కపై నుంచి అమ్మకమునకు పెట్టెను. 1977లో యాపిల్ 2 వంటి సొంత కంప్యూటర్లు దుకాణములకు వచ్చెను.

ఐ.బి.ఎం. ఈ మార్పును గుర్తింపలేదనుట సరికాదు. ఫ్లారిడా రాష్ట్రములోని బోకారటన్ పట్టణమున ఒక చిన్న బృందమునకు స్వేచ్ఛనిచ్చి, ఒక ఏడాదిలో యంత్రమును తయారుచేయుమని ఆదేశించెను. త్వరపడుటకై ఆ బృందము భాగములను బయటనుండి కొనెను. గణకపు మెదడు ఇంటెల్‌ది; యంత్రమును నడుపు మూల ప్రోగ్రాము మైక్రోసాఫ్టుది. 1981 ఆగస్టు 12న విడుదలైన ఆ యంత్రము ఆశించినదానికంటె మిన్నగా అమ్ముడుపోయెను.

కాని ఆ ఒప్పందములోనే ఓటమి విత్తనము దాగియుండెను. మూల ప్రోగ్రామును ఇతరులకు కూడ అమ్ముకొను హక్కును మైక్రోసాఫ్టు తనయొద్దనే ఉంచుకొనెను. ఇంటెల్ ముక్కను ఎవరైనను కొనవచ్చును. ఐ.బి.ఎం.కు మాత్రమే చెందినది, యంత్రము మేల్కొనగానే పనిచేయు ఒక చిన్న ప్రోగ్రాము. 1982లో స్థాపింపబడిన కాంపాక్ కంపెనీ దానిని చట్టబద్ధముగా అనుకరించెను. ఒక బృందము ఆ ప్రోగ్రామును చదివి, అది ఏయే పనులు చేయుచున్నదో మాత్రము వ్రాసెను. అసలు ప్రోగ్రామును ఎన్నడును చూడని రెండవ బృందము, ఆ పనులు చేయు క్రొత్త ప్రోగ్రామును స్వయముగా వ్రాసెను. దానితో ఐ.బి.ఎం. యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాములన్నియు కాంపాక్ యంత్రముపైనను నడచెను.

పూర్వము ఐ.బి.ఎం.ను కాపాడిన సూత్రమే ఇప్పుడు దానికి ఎదురు తిరిగినది. ప్రజలు ఒక పట్టాల వెడల్పుకు అలవాటుపడిరి. కాని ఆ పట్టాలు ఇప్పుడు ఐ.బి.ఎం. సొత్తు కావు. 1986లో ఇంటెల్ వారి క్రొత్త 386 ముక్కతో కాంపాక్ ముందుగా యంత్రమును విడుదల చేసెను. 1987లో ఐ.బి.ఎం. ఇతరులు సులభముగా అనుకరింపజాలని క్రొత్త నిర్మాణముతో యంత్రములను తెచ్చెను. పాత భాగములు వానికి సరిపోవు. జనులు వానివెంట నడువలేదు. క్రమముగా పెద్ద యంత్రముల ఆదాయము కూడ తగ్గసాగెను. 1993లో ఆ సంస్థకు 810 కోట్ల డాలర్ల నష్టము వచ్చెను. నాలుగు లక్షలకు పైబడిన ఉద్యోగుల సంఖ్య 1994 చివరకు రెండు లక్షల ఇరువది వేలకు దిగెను. లెక్కలో ఇది ఒక అంకెయే కాని, దానివెనుక ఇంచుమించు రెండు లక్షల కుటుంబముల జీవనము కలదు. తాను ప్రవేశపెట్టిన సొంత కంప్యూటరు వ్యాపారమునే 2005లో ఆ సంస్థ చైనాకు చెందిన లెనొవో కంపెనీకి అమ్మివేసెను.

వారసులకును అదే పరీక్ష

అగ్రస్థానము మైక్రోసాఫ్టుకు, ఇంటెల్‌కు సంక్రమించెను. 1998లో అమెరికా ప్రభుత్వము మైక్రోసాఫ్టుపై గుత్తాధిపత్యపు అభియోగము తెచ్చెను. ఆ కంపెనీని రెండుగా చీల్చవలెనని 2000లో ఒక న్యాయమూర్తి ఆదేశించెను. 2001లో పై కోర్టు, గుత్తాధిపత్యమును అక్రమముగా కాపాడుకొన్నదను నిర్ణయమును నిలిపి, చీల్చు ఆదేశమును మాత్రము కొట్టివేసెను. బల్లపై నుండు కంప్యూటరులో మైక్రోసాఫ్టును ఎవరును ఓడింపలేకపోయిరి. కాని 2007లో యాపిల్ ఐఫోను, 2008లో ఆండ్రాయిడ్ ఫోను వచ్చి, జనుల చూపు బల్లనుండి అరచేతికి మరలెను. ఈ విపణిలో మైక్రోసాఫ్టు ఎంత యత్నించినను నిలువలేదు. 2014లో కొన్న నోకియా ఫోనుల వ్యాపారమునకై మరుసటి ఏట 760 కోట్ల డాలర్లు నష్టముగా వ్రాసుకొనవలసి వచ్చెను. అయినను ఆ సంస్థ కూలిపోలేదు. 2014లో హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ళ దానికి అధిపతి అయిన పిమ్మట, దూరమునుండి అద్దెకు లభించు గణనశక్తి వ్యాపారమువైపు అది మరలి, తిరిగి పుంజుకొన్నది. ఐ.బి.ఎం. కూడ మరణింపలేదు. బ్యాంకుల పెద్ద లెక్కలలో దాని పెద్ద యంత్రములు నేటికిని పనిచేయుచున్నవి. 2020 నుండి దానికి అధిపతిగా నున్న అరవింద కృష్ణ కూడ తెలుగువారే.

చరిత్ర చెప్పునదేమి?

ఇంతవరకు చెప్పినదానినుండి కొన్ని విషయములు తేలుచున్నవి. మొదటిది: తన విపణిలో తాను బలముగా పాతుకొన్న కంపెనీని, అదే విపణిలో, అదే వస్తువుతో ఓడించుట మిక్కిలి అరుదు. పెద్ద యంత్రములలో ఐ.బి.ఎం.ను, బల్లపై కంప్యూటరులో మైక్రోసాఫ్టును ఎవరును పడగొట్టలేదు.

రెండవది: ఆ విపణియే ప్రధానస్థానమును కోల్పోవచ్చును. క్రొత్త వస్తువు మొదట చిన్నదిగా, చౌకగా, నాసిగా కనిపించును. పెద్ద కంపెనీ పెద్ద ఖాతాదారులు దానిని కోరరు. కావున దానిపై దృష్టి నిలుపుట ఆ కంపెనీకి నష్టముగనే తోచును. తెలివి లేక కాదు, ఉన్న లాభమును కాపాడుకొనుటయే వారిని వెనుకకు లాగును. 1964లో ఐ.బి.ఎం. తన లాభమును తానే పణముగా పెట్టి గెలిచెను. 1987లో పాత లాభమును తిరిగి రాబట్టుకొనుటకు యత్నించి ఓడెను.

మూడవది: చట్టములు పెద్ద కంపెనీలను కూల్చినది తక్కువ, కాని ఇతరులకు త్రోవ విడిపించినది ఎక్కువ. ప్రభుత్వ అభియోగము తలపై నున్న 1969లో, ఐ.బి.ఎం. యంత్రమునకు, ప్రోగ్రామునకు వేర్వేరుగా ధర నిర్ణయించుటకు అంగీకరించెను. అంతవరకు యంత్రముతో ఉచితముగా లభించు ప్రోగ్రాము, అప్పటినుండి విడిగా అమ్మదగిన వస్తువయ్యెను. ప్రోగ్రాములనే అమ్మి బ్రతుకు కంపెనీలు పెరుగుటకు ఇది ఎంతయో తోడ్పడెను.

ఈ పరీక్ష నేటి సంస్థలకును వచ్చియున్నది. 2024 ఆగస్టులో, వెదకుడు సేవలో గూగుల్ తన గుత్తాధిపత్యమును అక్రమముగా కాపాడుకొన్నదని అమెరికా న్యాయస్థానము ఒకటి తీర్పు చెప్పెను. 2022 నవంబరులో చాట్ జి.పి.టి. వెలువడిన తరువాత, ప్రశ్నకు సమాధానమును యంత్రమే కూర్చి చెప్పు క్రొత్త పద్ధతి వ్యాపించెను. ఎవరు గెలుతురో ముందుగా చెప్పుట చరిత్ర పని కాదు. కాని చూడవలసిన చోటును అది చూపగలదు. పెద్ద కంపెనీ వస్తువు ఎంత మంచిదని కాక, ప్రజలు నడచుచున్న పట్టాలు ఎవరి సొత్తు అని, వారు ప్రయాణము చేయు త్రోవయే మారుచున్నదా అని విచారింపవలెను. పెద్ద యంత్రశాలలో ఒక మూల, ఎవరును లక్ష్యపెట్టని చిన్న యంత్రమును విప్పి చూచుచున్న విద్యార్థి ఈ కథలో ఎప్పుడును అల్పుడు కాలేదు.